బూజుని పారేయని మనిషి – అలెగ్జాండర్ ఫ్లెమింగ్

పిల్లలూ! ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే అమ్మ ఎందుకు కోప్పడుతుందో తెలుసా? బూజు పడుతుందని! బూజు పడితే ఎవరైనా పారేస్తారు. పారేయకుండా ఆగి చూసిన ఒక మనిషి కథ ఇది.

ఫ్లెమింగ్ 1881 ఆగస్టు 6న స్కాట్లాండులో ఒక రైతు ఇంట్లో పుట్టాడు. ఏడేళ్ళకే తండ్రి పోయాడు. లండన్ వచ్చి ఓడల కంపెనీలో నాలుగేళ్ళు గుమాస్తాగా పనిచేశాడు. బంధువు ఆస్తిలో వాటా రావడంతో 1901లో వైద్యం చదువులో చేరాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులో పనిచేస్తూ, గాయాలు చీముపట్టి సైనికులు చనిపోవడం కళ్ళారా చూశాడు.

1928 సెప్టెంబరులో సెలవుల నుంచి వచ్చేసరికి, బాక్టీరియా పెంచుతున్న గాజు పళ్ళెం ఒకటి బూజు పట్టి ఉంది. కానీ బూజు చుట్టూ ఉన్న బాక్టీరియా కరిగిపోయింది! ఫ్లెమింగ్ ఆ బూజుని తీసి పోషక ద్రవంలో పెంచాడు. మొదట దూదిలా తెల్లగా, కొన్ని రోజులకి ముదురు ఆకుపచ్చగా మారింది. కింది ద్రవం పసుపుపచ్చనైంది. ఆ ద్రవాన్ని 800 రెట్లు పలచన చేసినా బాక్టీరియాని పెరగనివ్వలేదు. అది పెనిసిలియం జాతి బూజు కాబట్టి మందుకి పెనిసిలిన్ అని పేరు పెట్టి, 1929లో ప్రకటించాడు.

అయితే మందుని శుద్ధిచేయడం ఆయన వల్ల కాలేదు. బూజుని మాత్రం చావనివ్వకుండా పెంచుతూ, ఇతర శాస్త్రవేత్తలకి ఇచ్చాడు. పదేళ్ళ తర్వాత ఆక్స్‌ఫర్డులో ఫ్లోరీ, చెయిన్, హీట్లీ దాన్ని బెడ్‌పాన్లలో కూడా పెంచి మందు తీశారు. 1941లో ఒక పోలీసుకి ఇస్తే కోలుకోసాగాడు. కానీ మందు అయిపోయింది, ఆయన దక్కలేదు. 1943లో అమెరికాలోని పియోరియాలో ఒక ఖర్బూజా పండు మీద దొరికిన బూజు, ఎన్నో రెట్లు ఎక్కువ మందు ఇచ్చింది.

1945లో ఫ్లెమింగ్, ఫ్లోరీ, చెయిన్‌లకి నోబెల్ బహుమతి వచ్చింది. అప్పుడే ఫ్లెమింగ్, మందు చాలీచాలకుండా వాడితే సూక్ష్మజీవులు దానికి అలవాటుపడి మొండికేస్తాయని హెచ్చరించాడు. 1955 మార్చి 11న కన్నుమూశాడు.

నేను డాక్టర్ని కాను, ఇంజనీర్ని. కానీ ఇది చదివాక మా ఫ్రిజ్‌లో మిగిలిపోయిన సగం సీసా చూసి సిగ్గుపడ్డాను. అమ్మలూ, నాన్నలూ! యాంటీబయాటిక్ డాక్టరు చెప్పినన్ని రోజులు వాడదాం. మిగిలింది దాచి ఇంకోసారి వాడొద్దు. ఒకప్పుడు అది చాలక ఒక ప్రాణం పోయిందని గుర్తుంచుకుందాం.