డాక్టరు గారు పెట్టిన బ్యాంకు

బ్యాంకు పరీక్షలకు ప్రిపేరవుతున్నారా? అయితే మన పక్క ఊరి మనిషి కథ తెలుసుకోవాల్సిందే. తణుకు నుంచి ఏలూరు వెళ్లే దారిలో, భీమడోలు దగ్గర గుండుగొలను. 1880 నవంబరు 24న భోగరాజు పట్టాభి సీతారామయ్య పుట్టింది అక్కడే. చిన్నప్పుడే తండ్రి పోయారు. కష్టపడి చదువుకుని, మద్రాసులో వైద్యపట్టా తీసుకుని, బందరులో ప్రాక్టీసు పెట్టారు.

అప్పట్లో పెద్ద బ్యాంకులన్నీ ఇంగ్లిషు వాళ్లవే. మద్రాసు, బెంగాల్, బొంబాయి ప్రెసిడెన్సీ బ్యాంకులు 1861 వరకు సొంతంగా నోట్లు కూడా అచ్చువేసేవి. ఆ ఏడాది చట్టం వచ్చి, నోట్ల పని ప్రభుత్వం చేతికి వెళ్లింది. ఇంగ్లిషు వాళ్ల సంస్థ అంటే జనానికి గట్టి నమ్మకం. 1906 అక్టోబరులో మద్రాసులోని అర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీయడంతో ఆ నమ్మకానికి పెద్ద దెబ్బ తగిలింది. దాచుకున్న సొమ్ము పోయి వేలమంది వీధిన పడ్డారు. మన డబ్బుకి మన బ్యాంకే ఉండాలన్న ఆలోచన బలపడింది. మరుసటి ఏడాదే మద్రాసులో ఇండియన్ బ్యాంక్ పుట్టింది.

పట్టాభి కూడా ఆ దారే పట్టారు. స్వాతంత్య్రోద్యమం కోసం రాబడి ఉన్న ప్రాక్టీసు వదిలేశారు. ఊళ్లలో అప్పు కావాలంటే వడ్డీ వ్యాపారే దిక్కయిన రోజులవి. 1923 నవంబరు 20న బందరులో ఆంధ్రా బ్యాంకును రిజిస్టరు చేయించారు. 28న లావాదేవీలు మొదలయ్యాయి. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ కూడా పెట్టారు.

అన్నిచోట్లా గెలుపే రాలేదు. 1939లో కాంగ్రెస్ అధ్యక్ష పదవికి పోటీచేసి సుభాష్ చంద్రబోస్ చేతిలో ఓడిపోయారు. 1942 ఉద్యమంలో అహ్మద్‌నగర్ కోటలో ఖైదీగా ఉన్నారు. 1948లో అదే అధ్యక్ష పదవికి ఎన్నికయ్యారు. తర్వాత మధ్యప్రదేశ్ గవర్నరుగా పనిచేశారు. 1959 డిసెంబరు 17న కన్నుమూశారు.

ఆయన శతజయంతి ఏడాది, 1980 ఏప్రిల్ 15న ఆంధ్రా బ్యాంకు జాతీయమైంది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఈ తేదీలు పరీక్షలో అడగొచ్చు, గుర్తుపెట్టుకోండి. రేపు మీరు కౌంటర్లో కూర్చున్నాక మాత్రం ఇంకోటి గుర్తుండాలి. ఎదుట పాస్‌బుక్ పట్టుకుని నిలబడ్డ రైతు మీ చేతికిచ్చేది డబ్బొక్కటే కాదు, నమ్మకం కూడా. అది పోతే ఎంత పెద్ద బ్యాంకైనా నిలవదని 1906లోనే తేలిపోయింది.