ఫుట్‌బాల్ గురువు సయ్యద్ అబ్దుల్ రహీం

మన కోవిల్‌పట్టి హాకీకి పేరొందిన ఊరు. బంతిని తనయొద్దనే దాచుకొనువాడు జట్టునకు మేలు చేయజాలడని ఇచటి బాలురకు వేరుగ చెప్పనక్కరలేదు. ఫుట్‌బాల్ ఆటలో ఈ సత్యమును దేశమునకు బోధించినవారు హైదరాబాదు ఉపాధ్యాయుడు శ్రీ సయ్యద్ అబ్దుల్ రహీంగారు.

రహీంగారు 1909 ఆగస్టు 17వ తేదీన జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయములో విద్య నభ్యసించుచు మంచి ఆటగాడని పేరు గడించిరి. పిమ్మట ఉపాధ్యాయ వృత్తి నవలంబించి కాచిగూడ, చాదర్‌ఘాట్ పాఠశాలలలో పనిచేసిరి. 1940 దశకములో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శులైరి. అనంతరము హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకులైరి.

ఆ కాలమున బంతి దొరికినవాడు ఎదుటివారి నొక్కొక్కరినే తప్పించుకొనిపోవుటయే గొప్ప నేర్పుగ ఎంచబడుచుండెను. ఈ భావమును మార్పదలచి రహీంగారు బంతిని వెంటనే తోడివానికి అందింపవలెనను నియమముతో పోటీలు నడిపిరి. వాటములేని కాలితోనే బంతిని తన్నవలెనను పోటీలను సైతము పెట్టిరి. లోపమున్నచోటనే అభ్యాసము చేయించుట ఉపాధ్యాయుని పద్ధతి గదా! పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలుచుకొనెను. 1950, 1954, 1957 సంవత్సరములలో డ్యూరాండ్ కప్పును సైతము సాధించెను. సికింద్రాబాదు చెంత అమ్ముగూడలో పేదయింట పెరిగిన తులసీదాస్ బలరాం దేశమెరిగిన ఆటగాడగుటకు రహీంగారి ఆదరణయే కారణమయ్యెను.

రహీంగారు భారత జట్టునకును శిక్షకులైరి. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో మన జట్టు ఇరానును ఒక గోలుతో ఓడించి స్వర్ణపతకము నందుకొనెను. కాని మరుసటి యేడు హెల్సింకీ ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఘోరముగ ఓడిపోయెను. మనవారిలో పలువురు ఆనాడు వట్టికాళ్లతోనే ఆడిరి. అటుపిమ్మట బూట్లు ధరించుట తప్పనిసరి యయ్యెను. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో గెలిచి నాలుగవ స్థానము పొందెను. నాలుగేండ్లలో ఎంత మార్పు!

1962లో జకార్తా ఆసియా క్రీడలకు వెళ్లునాటికి రహీంగారు క్యాన్సరు వ్యాధిచే పీడింపబడుచుండిరి. తొలి ఆటలో దక్షిణ కొరియా మనలను 2-0తో ఓడించెను. రక్షణపంక్తి ఆటగాడు జర్నైల్ సింగునకు థాయిలాండుతో ఆడునపుడు తలకు గాయమయ్యెను. రహీంగారు అతనిని కూర్చుండబెట్టక, సెమీ ఫైనలులోను ఫైనలులోను ముందుపంక్తిలో నిలిపిరి. సెప్టెంబరు 4వ తేదీన మరల దక్షిణ కొరియాయే ఎదురయ్యెను. లక్షమంది ప్రేక్షకులు మనవారిని గేలిచేయుచుండిరి. జ్వరమునుండి కోలుకొన్న తంగరాజు గోలు కాచెను. పి.కె. బెనర్జీ ఒక గోలును, తలకు కుట్లతో నున్న జర్నైల్ సింగు మరియొక గోలును చేసిరి. భారతదేశము 2-1తో విజయము సాధించెను.

మరుసటి సంవత్సరము, 1963 జూన్ 11వ తేదీన, రహీంగారు పరమపదించిరి. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణపతకము అటుపిమ్మట మనకు దక్కలేదు. ఆయన జీవితము ఆధారముగ 2024లో మైదాన్ అను హిందీ చలనచిత్రము వెలువడెను.

ఆయన జట్టులో తెలుగువారు, తమిళులు, వంగీయులు, పంజాబీలు, ఉర్దూ మాటలాడువారు కలరు. ఇండ్లలో భాషలు వేరైనను మైదానమున వారి ఆట ఒక్కటే. తమిళనాట తెలుగు చదువుకొనుచు ఇరుగుపొరుగు బాలురతో ఆటలాడు మనకు ఇది క్రొత్త సంగతి కాదు. విద్యార్థులారా! వాటములేని కాలికే అభ్యాసము నేర్పిన ఆ గురువును తలచుకొని, మనకు కఠినమని తోచు పాఠమును నేడే ముందుగ చేపట్టుదము.