గుండ్లకమ్మ తీరమున క్షమాపణ: క్లౌ దొర జీవితము

వాకాడు ప్రాంతమున స్వర్ణముఖీనది సముద్రమున కలియును. అచటి తీరము వెంట, సముద్రమునకు సమాంతరముగా, బకింగ్‌హామ్ కాలువ ఉత్తరదిశకు సాగిపోవుచుండును. ఒకప్పుడు చెన్నపట్టణమునకు సరకులు మోసిన పడవల రాకపోకలు ఏనాడో నిలిచిపోయినవి. ఈ కాలువను వర్తకమార్గముగా మాత్రమే యెరిగినవారికి, దాని గట్లలో కొన్ని ధాత కరవు నాటివని తెలియకపోవచ్చును. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును పీడించిన ఆ మహాక్షామమున, ఆకలిగొన్న జనులకు కూలి కల్పించుటకై ప్రభుత్వము ఈ కాలువలో కొంత భాగమును త్రవ్వించెను. నాటి చెన్నపురి గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరు దీనికి వచ్చినది.

ఈ కాలువలో ఒంగోలు ప్రాంతమునకు చెందిన మూడున్నర మైళ్ల భాగమును గుత్తకు తీసికొని త్రవ్వించినవాడు ఒక క్రైస్తవ మతబోధకుడు. ఆయన పేరు జాన్ ఎవరెట్ క్లౌ. తెలుగు పల్లెలవారు ఆయనను క్లౌ దొర యని పిలిచిరి. నాడు ఒంగోలు, వాకాడు రెండును నెల్లూరు జిల్లాలోనివే. ఆ కాలువ పనివలన ఆయన కెదురైన ప్రశ్న క్రైస్తవమతమంత ప్రాచీనమైనది. ఎట్టి పాపము మనుజుని దైవమునుండి వేరుచేయును? వేరైనవాడు తిరిగి చేరవలెనన్న, వాని పశ్చాత్తాపమును పరీక్షించు అధికారము ఎవరికి కలదు?

ఈ ప్రశ్నకు క్రైస్తవులందరును ఒకే సమాధానము చెప్పలేదు. యోహాను మొదటి లేఖలో మరణకరమైన పాపమనియు, మరణకరము కానిదనియు భేదము కనబడుచున్నది. తొలి శతాబ్దులలో విగ్రహారాధన, నరహత్య, వ్యభిచారము వంటి ఘోరదోషములు చేసినవారు సంఘము ఎదుట బహిరంగముగా ప్రాయశ్చిత్తము చేసికొనవలసి యుండెను. కాలక్రమమున కతోలిక సంఘము పాపములను చావైన పాపములు, స్వల్ప పాపములు అని విభజించెను. చావైన పాపమునకు మూడు లక్షణములు చెప్పుదురు. చేసినపని మిక్కిలి గురుతరమైనదై యుండవలెను. అది తప్పని చేయువానికి పూర్తిగా తెలిసి యుండవలెను. వాడు దానిని తన యిష్టముతోనే చేసి యుండవలెను. అట్టి పాపము చేసినవాడు గురువు నెదుట పాపసంకీర్తనము చేసి క్షమ పొందవలెను. ఏటికొక్కమారైనను ఇట్లు చేయవలెనని 1215లో లాటరన్ మహాసభ విధించెను. 1551లో త్రెంతు మహాసభ ఆ సిద్ధాంతమును మరల దృఢపరచెను.

ఈ మధ్యకాలముననే, 1517లో, జర్మనీదేశమున మార్టిన్ లూథరు పాపక్షమాపణ పత్రముల విక్రయమును ధిక్కరించెను. క్షమ దైవమిచ్చు ఉచితవరమనియు, విశ్వాసము చేతనే అది లభించుననియు ఆయన బోధించెను. నెల్లూరు జిల్లా దక్షిణ భాగమున, సూళ్లూరుపేట, నాయుడుపేట ప్రాంతములలో 1865 తరువాత పనిచేసిన హెర్మన్స్‌బర్గు మిషను వారిది ఈ లూథరు మార్గమే.

క్లౌ బాప్టిస్టు శాఖకు చెందినవాడు. ఆ శాఖలో శిశువులకు బాప్తిస్మము లేదు. పశ్చాత్తాపపడి, విశ్వసించి, ఆ మాటను తన నోట చెప్పగలిగిన వానినే నీట ముంచుదురు. నీరు పాపమును కడుగునని వారు నమ్మరు. పాపము క్షమింపబడినదని లోకమునకు చాటు గురుతుగానే దానిని భావింతురు. గురువునొద్ద పాపసంకీర్తనము లేకపోయినను, ఇందువలన బోధకునిపై వేరొక బరువు పడుచున్నది. ఎదుట నిలిచినవాని హృదయమున నిజమైన మార్పు కలిగినదో లేదో ఆయనయే తేల్చుకొనవలెను.

క్లౌ 1836 జులై 16వ తేదీన అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమున ఫ్రూస్‌బర్గు సమీపమున జన్మించెను. ఆయన బాల్యముననే కుటుంబము పడమటి రాష్ట్రములకు తరలిపోయెను. యౌవనారంభమున మిన్నెసోటా ప్రాంతమున భూములు కొలుచు సర్వేపని నేర్చెను. న్యాయవాది కావలెననియు, రాజకీయములలో ప్రవేశింపవలెననియు ఆయన కోరిక. మతవిషయమున అప్పటికి ఆయనకు ఆసక్తి లేదు. ఐయోవా రాష్ట్రమున బర్లింగ్‌టన్ విద్యాలయమున చదువునప్పుడు, తన గదిలోని సహాధ్యాయి ప్రతిదినము ప్రార్థన చేయుట ఆయనకు సరిపడలేదు. అందువలన సుద్దముక్కతో గది నడుమ గీత గీసి, ప్రార్థనలన్నియు ఆ గీతకు ఆవలనే జరుగవలెనని శాసించెను. కొంతకాలమునకు తానే ఆ గీత దాటి, మిత్రుని ప్రక్కన మోకరించెను. క్షమాపణను గూర్చి ఆయన తరువాత చేసిన బోధకు ఈ అనుభవమే పునాది. దైవమును తన గదిలోనికి రానీయనివాడే దైవముచే స్వీకరింపబడెను.

1864 నవంబరు 30వ తేదీన భార్య హారియెట్‌తో బోస్టను రేవున ఓడయెక్కి, 1865 ఏప్రిల్‌లో ఆయన చెన్నపట్టణము చేరెను. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషను 1840లో స్థాపింపబడినను, పాతికేండ్ల శ్రమకు ఫలము స్వల్పముగా నుండెను. దానిని మూసివేయవలెనని స్వదేశమున పలుమారులు చర్చలు జరిగినవి. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున లైమన్ జూయెట్ అను బోధకుడు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు క్రైస్తవులు ఒంగోలు కొండపై చేరి, ఆ ప్రాంతమునకు ఒక బోధకుని పంపుమని దైవమును ప్రార్థించిరి. పండ్రెండేండ్ల తరువాత, 1866లో, క్లౌ దంపతులు ఒంగోలున కాపురము పెట్టిరి.

తొలుత క్లౌ ఆశలన్నియు అగ్రవర్ణములవారిమీదనే యుండెను. ఒంగోలు బ్రాహ్మణులు ఆయనను ఆదరించి, తమ పిల్లలను ఆయన బడికి పంపిరి. ఇంతలో యర్రగుంట్ల పేరయ్య యను మాదిగ కులస్థుడు ఆయన జీవితమున ప్రవేశించెను. పేరయ్య తోళ్లవర్తకమునకై ఉత్తరసీమకు పోయి అచట క్రైస్తవబోధ విన్నవాడు. అంతకు ముందే యోగమార్గమున గురువులను సేవించి, ముక్తికై వెదకినవాడు. 1866లో ఆయనయు, ఆయన భార్య నాగమ్మయు బాప్తిస్మము పొందిరి. 1867 జనవరిలో క్లౌ పేరయ్య స్వగ్రామమునకు పోగా, అచట ఇరువది యెనిమిదిమంది మాదిగలు బాప్తిస్మము పొందిరి. వీరిని చేర్చుకొన్నచో తమ పిల్లలను పంపజాలమని ఒంగోలు పెద్దలు తెలిపిరి.

క్లౌకు ఇది సామాన్యమైన పరీక్ష కాదు. తాను ఆశించిన వర్ణములవారిని పోగొట్టుకొనవలెను, లేదా తన వాకిట నిలిచిన నిరుపేదలను త్రోసివేయవలెను. ఆ దినములలో భార్యాభర్తలిరువురును వేర్వేరు గదులలో బైబిలు తెరువగా, ఇద్దరికిని కొరింథీయులకు పౌలు వ్రాసిన మొదటి లేఖలో ఒకే భాగము కనబడినదట. లోకము నీచులుగా నెంచినవారిని దైవము ఏర్పరచుకొనెనని చెప్పు భాగమది. ఆ దంపతులు మాదిగలనే చేర్చుకొనిరి. అగ్రవర్ణముల పిల్లలు బడి మానిరి.

క్రొత్తగా చేరినవారికి క్లౌ విధించిన నియమములు మూడు. ఆదివారము పనిచేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. వినుటకు ఇవి చిన్నవిగా తోచును. గ్రామజీవితమున మాత్రము వీటి పర్యవసానము పెద్దది. చచ్చిన పశువును ఈడ్చుకొనిపోవుట, రైతులకు తోలుపని చేసిపెట్టుట, జాతరలలో డప్పు వాయించుట మాదిగల వంతుపనులు. దానికి ప్రతిఫలముగా కళ్లమున కొంత ధాన్యము, చచ్చిన పశువు మాంసము వారికి దక్కెడివి. ఈ నియమములను పాటించినవాడు గ్రామపు కట్టుబాటును మీరినవాడయ్యెను. అనేక గ్రామములలో వారికి పని లేకుండ చేసిరి, కొట్టిరి, నీరు దొరకకుండ చేసిరి.

ఇచట ఆలోచింపదగిన విషయ మొకటి కలదు. కతోలిక ధర్మశాస్త్రము చెప్పిన మూడు లక్షణములలో చివరిది స్వేచ్ఛ. తరతరములుగా గ్రామము తన కడుపుకు చూపిన త్రోవ అదియొక్కటే యైనపుడు, చచ్చిన పశువు మాంసము తిన్నవానికి స్వేచ్ఛ యెంత? ఆ మాంసము తినుట దోషమైనచో, ఆ దోషము తిన్నవానిదా, వానికి వేరు తిండి లేకుండ చేసినవారిదా? క్లౌ యౌవనమున ఈ ప్రశ్న నింత స్పష్టముగా వేసికొన్నట్లు కానరాదు. కరవు ఆయనను అటువైపు త్రిప్పినది.

1876లో వానలు కురియలేదు. ప్రభుత్వము కాలువపని ఆరంభించెను. పనిస్థలములలో మేస్త్రీల దౌర్జన్యమునకు జడిసి, తన సంఘమువారు నిస్సహాయులై యుండుట చూచి క్లౌ తానే గుత్త తీసికొనెను. పూర్వము నేర్చిన సర్వేపని ఇప్పుడక్కరకు వచ్చెను. తెలుగు బోధకులను మేస్త్రీలుగా నియమించి, వేలమందికి పని చూపెను. గుడిసెలు వేయించెను, బావులు త్రవ్వించెను. క్రైస్తవులు కానివారిని కూడ చేర్చుకొనెను. దూరగ్రామములనుండి వచ్చిన పేదలు పగలు మన్ను మోసి, తీరికవేళల బోధకుల మాటలు వినిరి. కలరా వచ్చి శిబిరమున పలువురిని కబళించెను.

ఈ జనులే కొలదికాలమునకు వందలుగా వచ్చి బాప్తిస్మము నడిగిరి. క్లౌ ఈయనన్నాడు. అప్పటికి ఆయన చేతిలో కూలియు, ధాన్యమును, అమెరికానుండి వచ్చిన ధర్మద్రవ్యమును కలవు. అన్నము పెట్టు చేయియే క్షమాపణకు గురుతైన బాప్తిస్మమును కూడ ఇచ్చినచో, వచ్చినవాడు దేనికై వచ్చెనో వానికే తెలియకపోవచ్చును. ఆకలిగొన్నవాని సమ్మతి పూర్ణమైన సమ్మతి కాదు. అందుచేత 1877 మార్చి మొదలు పదునైదు నెలలు ఆయన ఒక్కనికైనను బాప్తిస్మ మీయలేదు. ఆ నిరీక్షణకు వెల కూడ కలదు. అడిగినవారిలో కొందరు కరవునకో, కలరాకో బలియై, కోరినది పొందకయే మరణించిరి. బాప్టిస్టు సిద్ధాంతము ప్రకారము నీరు లేకపోయినను క్షమకు లోటు లేదు. కాని ఆ నిరుపేదలకు ఈ భేదమెంత తెలియును?

1878 వేసవి గడచుసరికి సహాయము ఆగిపోయెను. ఇకమీదట తనయొద్ద ద్రవ్యము లేదని క్లౌ అందరికిని తెలియజేసెను. అయినను జనులు వచ్చిరి. ఒంగోలుకు ఉత్తరముగా పదిమైళ్ల దూరమున, గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి వద్ద గుంపులు చేరెను. పొమ్మన్నను పోలేదు. తమకు కూలి వద్దనియు, తమను చేర్చుకొనినచో చాలుననియు వేడుకొనిరి. ఆయా గ్రామములను ఎరిగిన తెలుగు బోధకులు ఒక్కొక్కరిని విచారించిరి. జులై 2వ తేదీన 614 మంది, 3వ తేదీన 2222 మంది, 4వ తేదీన 700 మంది బాప్తిస్మము పొందిరి. మూడుదినములకు మొత్తము 3536. రెండవనాడు ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరుగా వంతులు మారుచు, నదిలో నిలిచి ఆ కార్యమును నెరవేర్చిరి. ఆ సంవత్సరాంతమునకు క్రొత్తగా చేరినవారి సంఖ్య 9606కు పెరిగెను.

దీనిని విని స్వదేశమున సంతోషించినవారు కలరు, శంకించినవారును కలరు. ఒకే దినమున రెండువేలమంది పశ్చాత్తాపమును ఎవరు పరీక్షింపగలరని వారి ప్రశ్న. ఇది తిండికై మారిన మతమని మనదేశమునను ఆక్షేపణ వినవచ్చెను. ఈ శంకలను తేలికగా త్రోసివేయుటకు వీలులేదు. వచ్చినవారిలో గౌరవముకొరకు వచ్చినవారు, బంధువుల వెంట వచ్చినవారు, కరవునాటి ఉపకారమును మరువక వచ్చినవారు ఉండియే యుందురు. కాని వారి హృదయములను ఇంకను పరీక్షింపవలెనని కూర్చుండుట తన పని కాదని క్లౌ నిశ్చయించుకొనెను. అన్నమునకును క్షమకును గల ముడిని విప్పుట వరకే తన చేతనగును. దానికై పదునైదు నెలలు ఆగెను. అటుపిమ్మట కూడ అడ్డము నిలిచినచో, తన అనుమానమునే దైవక్షమకు ద్వారపాలకునిగా నిలిపినట్లగును.

1893లో హారియెట్ మరణించెను. మరుసటి యేట క్లౌ ఎమ్మా రౌషెన్‌బుష్‌ను వివాహమాడెను. ఆమె సోదరుడు వాల్టర్ రౌషెన్‌బుష్, పాపము వ్యక్తిలోనే కాక సమాజపు కట్టుబాట్లలో కూడ నెలకొని యుండునని బోధించి అమెరికాలో ప్రసిద్ధుడైన పండితుడు. ఎమ్మాయు మాదిగల జీవితమును శ్రద్ధతో పరిశీలించి 1899లో ఒక గ్రంథమును ప్రకటించెను. వృద్ధాప్యమున క్లౌ తన జీవితకథను చెప్పుచుండగా ఆమె దానిని గ్రంథరూపమునకు తెచ్చెను. 1910 నవంబరు 24వ తేదీన రోచెస్టరు నగరమున ఆయన కన్నుమూసెను. ఆ గ్రంథము 1914లో వెలువడెను.

దానిని చదివినవారికి ఒక మార్పు గోచరించును. ఒక్కొక్క ఆత్మను పాపమునుండి తప్పింపవలెనని వచ్చిన యువకుడు, చివరకు పల్లెలు పల్లెలుగా, కుటుంబములు కుటుంబములుగా కదలిన ప్రజల కథను చెప్పెను. మాదిగవాడలకు బడి వచ్చుట, చచ్చిన పశువు మాంసమును మానుట, తలయెత్తి నడచుట ఆయన దృష్టిలో క్షమాపణకు వెలుపలివి కావు. క్షమింపబడినవాడు తనను తాను నీచునిగా నెంచుకొనుట మానవలెను గదా!

మతము విషయమున పాఠకుల అభిప్రాయములు వేర్వేరుగా నుండవచ్చును. బడిలో తప్పుచేసిన పిల్లవాడు ఎదుట నిలిచినపుడు, వాని కన్నీరు భయము వలననా, నిజమైన పశ్చాత్తాపము వలననా యని ఉపాధ్యాయుడును తేల్చుకొనలేని వేళలు కలవు. దండనభయమును ముందుగా తొలగించి, పిదప వాని మాట వినుట మనచేత నగును. అంతకు మించి వాని హృదయమును తెరచి చూచు సాధనమును క్లౌ దొర ఎరుగడు, మనమును ఎరుగము.