కలియుగ భీముడు – మన మనోబలము

ఆరోగ్యమే మహాభాగ్యము అని చిన్నప్పటినుంచీ పరీక్షల్లో రాస్తూనే వున్నాం, రాసి మరచిపోతూనే వున్నాం. ఆ మాటను ఒళ్ళు వంచి చూపించిన తెలుగువాడు కోడి రామ్మూర్తి నాయుడు గారు.

వీరు 1880లలో ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో జన్మించారు. పసితనంలోనే తల్లి కన్నుమూసింది. తండ్రి వెంకన్న గారు ఆ పిల్లవాణ్ణి విజయనగరంలో పోలీసు శాఖలో వున్న పినతండ్రి నారాయణస్వామి గారి దగ్గరకు పంపారు. అక్కడ చదువుకన్నా కసరత్తు మీదనే మనసు నిలిచింది. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, తిరిగివచ్చి విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయులైనారు.

తర్వాత మిత్రులు పొట్టి పంతులు గారితో కలిసి సర్కస్ కంపెనీ పెట్టారు. ఊపిరి బిగబట్టి ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసును తెంపేవారు. కదిలే కార్లను రెండు చేతులతో ఆపేవారు. రొమ్ముమీద ఏనుగును నిలిపేవారు. ఇండియన్ హెర్క్యులిస్ అనీ, కలియుగ భీముడు అనీ బిరుదులొచ్చాయి. ఇంతటి బలశాలి శాకాహారి! ఆయన కసరత్తులో ప్రాణాయామానికి పెద్దపీట. అంటే కండతోపాటు మనసును కూడా సాధన చేయించారన్న మాట. చివరి రోజుల్లో ఒక కాలు తీసేయవలసి వచ్చింది. 1942లో పరమపదించారు.

మనం ఏనుగును ఎత్తనక్కరలేదు. మరి ఆయన కథ మనకెందుకు? నా సంగతే చెబుతాను. మాది గుడుపల్లె దగ్గర సేద్యం చేసే ఇల్లు. ఊర్లో వున్నప్పుడు తెల్లారేసరికి నాయనతో కయ్యకాడ వుండేవాణ్ణి. రాత్రి పడుకుంటే ఒకటే నిద్ర. హాస్టలుకొచ్చి కూర్చునే చదువు మొదలయ్యాక నిద్ర పోయింది, దిగులు పట్టింది. పుస్తకం తెరిస్తే అక్షరం ఎక్కదు. ఇంట్లో చెప్పాలంటే సిగ్గు. కడకు తెల్లవారుజామున గ్రౌండులో నడవడం, పరుగెత్తడం మొదలుపెట్టాను. కొన్ని వారాలకు నిద్ర వచ్చింది, దాని వెనకాలే ధైర్యమూ వచ్చింది.

ఇది మాయ కాదు, శాస్త్రమే. వ్యాయామంతో మెదడుకు రక్తప్రసారం పెరుగుతుంది, ఎండార్ఫిన్ల వంటి రసాయనాలు విడుదలవుతాయి, నిద్ర కుదుటపడుతుంది, ఆందోళన తగ్గుతుంది. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే వారంలో ఐదు రోజులు, రోజుకు అరగంట. అయితే దిగులు ముదిరితే పరుగొక్కటే చాలదు. డాక్టరు దగ్గరికి పోవాలి, అందులో సిగ్గేమీ లేదు.

తల్లిలేని ఆ పిల్లవాడు కసరత్తు పట్టుకొని నిలదొక్కుకున్నాడు. సోదర సోదరీమణులారా! మార్కులకోసం రాత్రంతా మేలుకొనే మనం, మనసుకోసం పొద్దున ఒక్క అరగంట లేవలేమా? రేపు తెల్లవారి గ్రౌండులో కలుసుకుందాం, రండి!