నోట్స్ చదవడం రాదు, ఇంగ్లిష్ అంతంత మాత్రం.. అయినా అమెరికా జాజ్‌ను కదిలించిన డ్రమ్మర్! ఎవరీ చానో పోసో?

క్యూబా రాజధాని హవానాలో ఓ పేద కుటుంబంలో పుట్టారు. చదువు పెద్దగా లేదు. మ్యూజిక్ నోట్స్ చదవడం అసలే రాదు. అలాంటి వ్యక్తి 1947లో న్యూయార్క్‌లో అడుగుపెట్టారు. రెండేళ్లు తిరగకుండానే హత్యకు గురయ్యారు. అప్పటికి వయసు 33 ఏళ్లే. కానీ ఆ కొద్ది కాలంలోనే అమెరికా జాజ్‌లోకి ఆఫ్రో-క్యూబన్ డ్రమ్ముల దరువును తీసుకొచ్చేశారు. ఆయనే చానో పోసో. సింగర్, డ్రమ్మర్, డ్యాన్సర్, పాటల రచయిత.. అన్నీ ఆయనే. ఆ కథేంటో ఓసారి చూద్దాం.

ఒకే వాకిలి చుట్టూ ఎన్నో కుటుంబాలు

చానో అసలు పేరు లూసియానో పోసో గొంజాలెస్. 1915 జనవరి 7న హవానాలో పుట్టారు. చిన్నతనంలోనే తల్లి చనిపోయారు. పెరిగిందంతా సొలార్లలోనే. సొలార్ అంటే మధ్యలో ఒక వాకిలి, చుట్టూ చిన్న చిన్న గదులు, ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం. అక్కడి నల్లజాతి కుటుంబాల్లో చాలామంది బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల వారసులు. వాళ్ల పూజలు, పాటలు, డ్రమ్ములు తరతరాలుగా అక్కడ బతికే ఉన్నాయి. చానోకు బడి, గురువు అన్నీ ఆ వాకిళ్లే.

దూకుడు ఎక్కువ. గొడవల్లో ముందుండేవారు. 13 ఏళ్ల వయసులో గ్వానహాయ్‌లోని బాల నేరస్తుల గృహానికి పంపించారు. చదవడం, రాయడం నేర్చుకుంది అక్కడే. బయటికొచ్చాక పేపర్లు అమ్మారు, దొరికిన పనల్లా చేశారు. మరోపక్క అబాకువా అనే ఆఫ్రో-క్యూబన్ మగవాళ్ల సోదర సంఘంలో, శాంటేరియా పూజల్లో డ్రమ్ము వాయించడం, మంత్రాల్లాంటి ఆ పాటలు పాడటం బాగా ఒంటబట్టించుకున్నారు.

వీధి దరువుకు రేడియోలో చోటు

ఆ రోజుల్లో హవానా పెద్దింటి వాళ్లకు ఈ డ్రమ్ములంటే చిన్నచూపు. కార్నివాల్‌లో పాటలు, డ్యాన్సులతో ఊరేగే నల్లజాతి బృందాలను కంపర్సాలు అంటారు. వాటిపై చాలా ఏళ్లు నిషేధం నడిచింది. 1937లో మళ్లీ అనుమతి ఇచ్చారు. చానోకు దారి తెరుచుకుంది కూడా ఆ తర్వాతే. ‘లాస్ డాండీస్’ అనే కంపర్సాకు పాట కట్టారు. ముందు నడుస్తూ డ్యాన్స్ చేశారు, పాడారు, డ్రమ్ము వాయించారు. హవానా అంతా పేరు మారుమోగింది.

పాపులర్ సింగర్ మిగెలీతో వాల్డెస్ ఆయనకు దగ్గరి స్నేహితుడు. చానో రాసిన ‘బ్లెన్ బ్లెన్ బ్లెన్’ లాంటి పాటలు వాల్డెస్ గొంతులో హిట్ అయ్యాయి. నైట్‌క్లబ్ షోలు, రేడియో అవకాశాలు వరుస కట్టాయి. ఖరీదైన సూట్లు, నగలతో చానో దర్జాగా తిరిగేవారు. కానీ గొడవలు మాత్రం వదల్లేదు. తన పాటల రాయల్టీ డబ్బుల విషయంలో జరిగిన ఘర్షణలో ఆయనపై కాల్పులు జరిగాయి. ప్రాణం దక్కింది కానీ ఒక బుల్లెట్ వెన్నెముక దగ్గరే ఉండిపోయిందని చెబుతారు.

న్యూయార్క్‌లో మలుపు

1947లో చానో న్యూయార్క్ చేరుకున్నారు. అక్కడున్న క్యూబన్ సంగీతకారులతో రికార్డింగులు చేశారు. అదే సమయంలో జాజ్ ట్రంపెట్ స్టార్ డిజ్జీ గిలెస్పీ తన బ్యాండ్‌లోకి ఓ కాంగా డ్రమ్మర్ కోసం వెతుకుతున్నారు. కాంగా అంటే నిలువుగా, పొడవుగా ఉండే క్యూబన్ డ్రమ్ము. చేతులతోనే వాయిస్తారు. గిలెస్పీ పాత మిత్రుడు, క్యూబాకు చెందిన మారియో బౌసా వెంటనే చానో పేరు చెప్పారు.

1947 సెప్టెంబర్ 29.. ప్రఖ్యాత కార్నెగీ హాల్‌లో గిలెస్పీ బ్యాండ్‌తో చానో వేదికెక్కారు. హవానా వాకిళ్లలో మోగిన డ్రమ్ము అమెరికాలోని అతిపెద్ద వేదికల్లో ఒకదానిపై మోగింది.

అయితే మొదట్లో ఇబ్బందులు తప్పలేదు. జాజ్ లయ ఒకలా ఉంటే, క్యూబన్ లయ ఇంకోలా ఉంటుంది. మాటల్లో చెబుదామంటే భాష అడ్డం. దాంతో బస్సు ప్రయాణాల్లో చానోనే క్లాసు పెట్టేవారు. బ్యాండ్ సభ్యులకు తలా ఒక దరువు ఇచ్చి, తాను ఇంకో దరువు వేస్తూ పైన పాట అందుకునేవారు. అవన్నీ ఎలా కలుస్తాయో అలా చేతులతోనే నేర్పించారు.

9 రోజుల్లో రెండు రికార్డింగులు

ఇక్కడే కాలంతో పోటీ మొదలైంది. రికార్డు కంపెనీలతో వివాదం కారణంగా అమెరికా సంగీతకారుల యూనియన్ 1948 జనవరి 1 నుంచి రికార్డింగులు బంద్ చేయాలని నిర్ణయించింది. అంతలోపే పని పూర్తి చేయాలి. డిసెంబర్ 22న గిలెస్పీ బ్యాండ్ ‘కూబానా బీ’, ‘కూబానా బాప్’ రికార్డు చేసింది. కంపోజర్ జార్జ్ రస్సెల్ ఇందులో మధ్య భాగాన్ని చానోకే వదిలేశారు. పూజల్లో పాడే పాటను ఆయన అందుకుంటే బ్యాండ్ వంత పాడింది.

డిసెంబర్ 30న ‘మంతేకా’ రికార్డయింది. అంటే గడువుకు సరిగ్గా రెండు రోజుల ముందు! ఈ పాట ఐడియా చానోదే. నోట్స్ రాయడం రాదు కాబట్టి బేస్ ఏం వాయించాలి, శాక్సోఫోన్లు ఏం అందుకోవాలి, ట్రంపెట్లు ఎక్కడ రావాలి.. అన్నీ నోటితో పాడి వినిపించారు. మధ్యలో వచ్చే మెలోడీని గిలెస్పీ కలిపారు. గిల్ ఫుల్లర్ దాన్ని బ్యాండ్‌కు తగ్గట్టు కాగితంపై పెట్టారు. మంతేకా అంటే స్పానిష్‌లో పంది కొవ్వు. ఆఫ్రో-క్యూబన్ జాజ్ అనగానే ఇప్పటికీ ముందు గుర్తొచ్చే పాటల్లో ఇదొకటి.

ఆ రెండు రోజులు దాటిపోయి ఉంటే? 1948లో గిలెస్పీ బ్యాండ్ యూరప్ టూర్‌కు వెళ్లింది. పారిస్ సాల్ ప్లెయెల్ హాల్లో చానో అదరగొట్టారు. కానీ నిషేధం వల్ల ఆ బ్యాండ్ పెద్ద కంపెనీ స్టూడియోలోకి వెళ్లలేకపోయింది. లైవ్ షోల రికార్డింగులే మిగిలాయి. అక్టోబర్‌లో శాక్సోఫోనిస్ట్ జేమ్స్ మూడీతో కలిసి చిన్న కంపెనీ బ్లూ నోట్ కోసం ‘తిన్ తిన్ దేఓ’ చేశారు. అందులో చానో గొంతు కూడా వినొచ్చు.

బార్‌లో కాల్పులు

1948 నవంబర్‌లో బ్యాండ్ దక్షిణాది రాష్ట్రాల్లో తిరుగుతుండగా చానో డ్రమ్ములు చోరీ అయ్యాయి. దాంతో ఆయన న్యూయార్క్ తిరిగొచ్చారు. డిసెంబర్ 2న హార్లెమ్‌లోని ఓ బార్‌లో ఆయన్ను కాల్చి చంపారు. గంజాయి కొనుగోలు విషయంలో జరిగిన గొడవే కారణమని చెబుతారు. ఆ సమయంలో జ్యూక్‌బాక్స్‌లో ‘మంతేకా’ మోగుతోందన్న కథ కూడా ప్రచారంలో ఉంది. ఆయన కొలిచే దేవుడు చాంగో. క్యూబాలో సెయింట్ బార్బరా రూపంలో కొలిచే ఆ దేవుడి పండుగ డిసెంబర్ 4న. ఇంకో రెండు రోజులే ఉంది. చానో భౌతికకాయాన్ని హవానాకు తీసుకెళ్లి అక్కడే ఖననం చేశారు.

చానో వెళ్లిపోయినా దరువు ఆగలేదు. గిలెస్పీ జీవితాంతం ‘మంతేకా’ వాయిస్తూనే ఉన్నారు. జర్మనీలో పనిచేస్తున్న ఓ అమెరికన్ యువ సైనికుడు ఆ రికార్డు విని సంగీతంలోకే రావాలని నిర్ణయించుకున్నాడు. ఆ కుర్రాడే తర్వాత కాంగా దిగ్గజంగా ఎదిగిన రే బరెట్టో. ఇవాళ ఏ జాజ్ బ్యాండ్‌లోనైనా కాంగా డ్రమ్ము కనిపిస్తే ఎవరూ వింతగా చూడరు. గిలెస్పీ పక్కన చానో వాయించింది మాత్రం దాదాపు 14 నెలలే.