బిషప్ అజరయ్య గారు, మన నులివెచ్చని విశ్వాసము

కంచన్‌బాగ్ ప్రాంతములో ఆదివారపు ఆరాధనకు కూడుకొనే మనలో చాలామందిమి పుట్టుకతో ఈ ఊరివారము కాము. రక్షణ పరిశోధన శాలలు, భారత్ డైనమిక్స్, మిధాని ఇక్కడ వెలసిన తరువాత ఉద్యోగాల మీద ఖమ్మము, వరంగల్లు, కృష్ణా జిల్లాల నుండి వచ్చి స్థిరపడిన కుటుంబాలవారము. మన ఇండ్లలో ట్రంకుపెట్టెల అడుగున తాతల నాటి బాప్తిస్మపు పత్రాలు ఇంకా ఉన్నవి. కొన్నింటి మీద దోర్నకల్ పేరు కనబడుతుంది. కాబట్టి ఈ శతవార్షిక సంచికకు ఎవరి జీవితమును గూర్చి వ్రాయవలెనా అని మేము ఎక్కువసేపు తర్జనభర్జన పడలేదు. దోర్నకల్ మొదటి బిషప్పు అజరయ్య గారి పేరు మనందరికీ తెలుసు. విజయవాడలో ఆయన పేరిట బాలికల పాఠశాల ఉన్నది. పేరు తెలిసినంతగా ఆ మనిషి దేనితో పోరాడినాడో మన పిల్లలకు తెలియదు. ఆయన పోరాటము అన్యులతో కాదు, సంఘములోని నిద్రమత్తుతో.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు 1874 ఆగస్టు 17వ తేదీన తమిళదేశమున తిరునెల్వేలి సీమలోని వెళ్లాళన్‌విళై అనే పల్లెలో జన్మించారు. తండ్రి తోమా వేదనాయగం గారు హిందూ కుటుంబములో పుట్టి, 1839లో క్రీస్తును అంగీకరించి, తరువాత గురువుగా అభిషేకము పొందినవారు. తల్లి ఎల్లెన్ అమ్మగారు ఏండ్ల తరబడి ప్రార్థించి కన్న కుమారుడు గనుక, హన్నా కన్న బిడ్డ పేరు పెట్టుకొన్నారు. 1889లో తండ్రి మరణించగా తల్లి పెంపకములోనే అజరయ్య గారు ఎదిగారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివారు గాని లెక్కల పరీక్ష నాటికి జబ్బుపడి పట్టా లేకుండానే బయటికి వచ్చారు. ఆ పట్టా లేని మనిషికి 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ఇది ముచ్చటకు చెప్పినమాట మాత్రమే.

1895లో వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా చేరి దక్షిణ దేశమంతా తిరిగారు. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని వివాహమాడారు. చదువుకొన్న స్త్రీ, ఆయన పరిచర్యకు కడవరకు సగపాలు మోసిన స్త్రీ. వై.ఎం.సి.ఏ. పని మంచి ఉద్యోగము. గౌరవము, స్నేహితులు, రైలు ప్రయాణాలు, పట్నవాసము. అందులోనే జీవితము వెళ్లదీసినా ఎవరూ తప్పు పట్టియుండరు.

ఇక్కడ ఒక విషయము నిదానించి చూడవలెను. తిరునెల్వేలి సంఘము ఆనాటికే పేరుమోసినది. వెళ్లాళన్‌విళై వంటి ఊళ్లలో చర్చి గంట మ్రోగితే ఊరు ఊరంతా కదిలేది. బడులున్నవి, బోర్డింగులున్నవి, గురువులున్నారు. తాతలు విగ్రహాలు విడిచినారు, తండ్రులు చదువుకొన్నారు, మనుమలు ఉద్యోగస్తులైనారు. మొదటి తరమువారు విశ్వాసము కొరకు దెబ్బలు తిన్నారు, ఇండ్లు పోగొట్టుకొన్నారు. మూడవ తరమువారికి విశ్వాసము పిత్రార్జితపు పొలము వంటిదై కూర్చున్నది. దున్నినా దున్నకపోయినా పట్టా మాత్రము మన పేరనే ఉన్నది గదా అనే ధీమా. లవొదికయ సంఘమునకు ప్రకటన గ్రంథములో వచ్చిన ఉత్తరము ఇటువంటివారికే వచ్చింది. వారు దేవుని కాదనలేదు, మందిరమునకు తాళము వేయలేదు. తమకు ఏ కొదువ లేదని అనుకొన్నారు, అంతే.

1902లో అజరయ్య గారు సింహళములోని యాళ్‌పాణము వెళ్లారు. మనము జాఫ్నా అంటాము. అక్కడి తమిళ క్రైస్తవులు తమ డబ్బుతో, తమ మనుష్యులతో ఇతర ప్రాంతాలకు సువార్త పంపుచుండుట చూచారు. వారి సంఘము చిన్నది. తిరునెల్వేలి సంఘము దానికి ఎన్నో రెట్లు పెద్దది. అయినా ఇంగ్లీషువారు పంపితే పుచ్చుకొనుటే గాని తాము పంపుట తిరునెల్వేలి ఎరుగదు. ఈ సంగతి ఆయన మనసులో ముల్లులా దిగబడింది. ఆయన సిగ్గుపడినది అవిశ్వాసుల అవిశ్వాసమును చూచి కాదు, చిన్న సంఘము చేయుచున్న పనిని పెద్ద సంఘము చేయకపోవుటను చూచి. మా ఉద్దేశములో ఆయన జీవితమంతా ఈ ఒక్క సిగ్గులోనుండి మొలిచినదే.

మరుసటి ఏడు, 1903లో, పాళయంకోటలో తిన్నెవెల్లి ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. భారతీయుల మనుష్యులు, భారతీయుల డబ్బు, భారతీయుల నడిపింపు. 1905 క్రిస్మసు రోజున సేరంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడుటలో కూడ ఆయన ముందు నిలిచారు. తిన్నెవెల్లివారు ఎన్నుకొన్న పొలము నిజాము రాజ్యములోని దోర్నకల్ ప్రాంతము. తమిళులకు తెలియని భాష, తెలియని తిండి, మలేరియా జ్వరాలు. పంపుట తేలిక, పోవుట కష్టము. ఇతరులను పొమ్మని చెప్పే కార్యదర్శి తానెందుకు పోకూడదని ఆయన తన్ను తానే ప్రశ్నించుకొన్నారు. 1909లో డీకనుగా అభిషేకము పొంది, ఉద్యోగము వదలి, భార్యాబిడ్డలతో దోర్నకల్ చేరారు. అప్పటికి ఆయనకు 35 ఏండ్లు. ఆ వయసున తెలుగు అక్షరాలు దిద్దుకొన్నారు. హైదరాబాదు గద్దె మీద అప్పుడు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఉన్నారు.

1910లో ఎడింబరో ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన చేసిన ప్రసంగము చరిత్రకెక్కింది. విదేశ మిషనరీలు త్యాగము చేసినారని ఒప్పుకొంటూనే, భారతీయులతో స్నేహము మాత్రము చేయలేదని తెల్లవారి ముఖము మీదనే చెప్పారు. కొందరు నొచ్చుకొన్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథీడ్రలులో బిషప్పుగా అభిషిక్తులైనారు. ఆంగ్లికన్ సంఘములో భారతీయుడు బిషప్పు అగుట అదే మొదలు. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ గారు పట్టుబట్టి వెనుక నిలిచినందున అది జరిగింది గాని, మిషనరీలలోనే కాదు, భారతీయ క్రైస్తవులలో కూడ దానికి అడ్డుపడినవారున్నారు.

ఆయన చేతికి వచ్చిన మండలము ఎటువంటిది? పల్లెలలో మాల, మాదిగ కుటుంబాలు గుంపులు గుంపులుగా బాప్తిస్మము కోరుచున్న కాలమది. ఒక ఇంటి పెద్ద నిర్ణయించుకొంటే వాడంతా వచ్చేది. తొలినాళ్లలో 57 వేలకు కాస్త తక్కువగా ఉన్న విశ్వాసుల సంఖ్య, మండలపు ఎల్లలు పెరిగి కృష్ణా తీరము కూడ కలిసిన తరువాత, 1941 నాటికి 2 లక్షల 25 వేలు దాటింది. వేరొకరైతే ఈ లెక్కలు చూచి మురిసిపోయేవారు. అజరయ్య గారికి లెక్క పెరిగినకొద్దీ భయము పెరిగింది. తిరునెల్వేలిలో మూడవ తరమున వచ్చిన మత్తు ఇక్కడ మొదటి తరములోనే వచ్చునేమోనని. ఊరివారు కలిసినారు గనుక కలిసినవారు, బడి కొరకు కలిసినవారు, దొరల అండ కొరకు కలిసినవారు కూడ అందులో ఉంటారని ఆయనకు తెలియకపోలేదు. 1930లలో గాంధీగారు గుంపు మార్పిడులను విమర్శించినప్పుడు ఆయన బదులు చెప్పారు, 1937లో గాంధీగారిని కలుసుకొన్నారు కూడ. కాని అసలైన జవాబు వాదనలో లేదు. పల్లెలలో ఆయన పెట్టిన పద్ధతులలో ఉన్నది.

మొదటిది బాప్తిస్మము నాడే మొదలయ్యేది. క్రొత్తగా బాప్తిస్మము పొందినవారు తమ చేతిని తమ తల మీద పెట్టుకొని, తాము బాప్తిస్మము పొందిన క్రైస్తవులమని, ఇకమీద సువార్త చెప్పుట తమ మెడ మీది బాధ్యతయని, పౌలు కొరింథీయులకు వ్రాసిన దానిని అనుసరించి ఒప్పుకొనవలెను. తల తడి ఆరకముందే పని అప్పగించుట ఇది. చదువు రాని కూలి మనిషి కూడ దీనికి మినహాయింపు కాదు. ఏటేటా సాక్ష్యపు వారము పెట్టి, ఉపదేశకులే గాక సామాన్య సంఘస్థులు, స్త్రీలు పొరుగు పల్లెలకు పాటలు పాడుచు వెళ్లే ఏర్పాటు చేశారు.

రెండవది కానుక. బీదవారు ఏమి ఇవ్వగలరని జాలిపడిన మిషనరీలతో ఆయన ఏకీభవించలేదు. ఇవ్వనివాడు ఎప్పటికీ పుచ్చుకొనేవాడుగానే మిగిలిపోతాడని ఆయన తలంపు. క్రైస్తవ దాతృత్వమును గూర్చి ఆయన వ్రాసిన పుస్తకము ఆయన మరణించిన తరువాత కూడ అచ్చయి ఎన్నో దేశాలలో చదవబడింది. పల్లె స్త్రీలు ఎసట్లో బియ్యము పోసేముందు పిడికెడు తీసి దేవుని కుండలో వేసేవారు. కోతపండుగకు కోళ్లు, ధాన్యము, గుమ్మడికాయలు మందిరమునకు వచ్చేవి. రోజు కూలి మీద బ్రతికే తల్లి గంజికుండలోనుండి తీసిన పిడికెడు అది. నెల జీతము బ్యాంకులో పడే మన సంఘాలలో కానుక సంచి వచ్చునప్పుడు జేబులో చిల్లర వెదకే అలవాటును ఆ పిడికెడు ప్రక్కన పెట్టి చూడుడి. ఇంతకంటె మేము వ్రాయనక్కరలేదు.

మూడవదే అన్నిటికంటె కష్టము. మాలలు, మాదిగలు ఒకే ప్రభువును నమ్మినా ఒకే పాత్రలో త్రాగుటకు ఒప్పుకొనేవారు కారు. ఒకే ఊరిలో రెండు ప్రార్థనశాలలు కావలెననేవారు. అజరయ్య గారు దీనికి లొంగలేదు. ప్రభువు బల్ల ఒక్కటే. బల్ల దగ్గర వేరుపడినవారు ఇంకా సగమే మారినవారని ఆయన లెక్క. దీనివలన ఆయన మాట కరుకని పేరుపడింది, ఆయన చూపిన దారి పూర్తిగా గెలిచిందని కూడ చెప్పలేము. మన మధ్య పెండ్లి సంబంధాలు చూచునప్పుడు, సంఘ ఎన్నికలలో ఓట్లు లెక్కించునప్పుడు ఆ పాత గోడ ఎంత ఎత్తున ఉన్నదో పెద్దలందరికీ తెలుసు. నాటి పల్లెవాసులు కనీసము ఆ గోడను దాచలేదు.

బిషప్పు గారు సైకిలు మీదను, ఎడ్లబండి మీదను పల్లెపల్లెకు తిరిగేవారు. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అనే నాలుగు దయ్యములను వెళ్లగొట్టవలెనని బోధించేవారు. అన్బు అమ్మగారు స్త్రీలను కూర్చోబెట్టి నేర్పేవారు. ఉపదేశకుల శిక్షణలో భార్యలకు కూడ చోటుండుట దోర్నకల్ ప్రత్యేకత. కాలక్రమేణ ఊరిలోని కులస్తులు వాడలోని మార్పును గమనించారు. త్రాగుడు మానినవాడు, పిల్లను బడికి పంపినవాడు, జగడము తగ్గించుకొన్నవాడు వారి పొలాలలోనే పనిచేయుచున్నాడు గదా. 1920ల చివర నుండి వేలమంది కులస్తులు సంఘములో చేరుటకు మిషనరీల ఉపన్యాసాలకంటె ఈ కూలివారి నడవడియే ఎక్కువ కారణమని ఆ కాలములో పరిశీలన చేసినవారు వ్రాశారు. నామకార్థ క్రైస్తవునివలన ఇటువంటి పని జరుగదు. ప్రక్కింటివానికి అతనిలో చూడదగినదేదియు ఉండదు.

ఆయన కోరికతో దోర్నకల్‌లో ఏండ్ల తరబడి కట్టబడిన ఎపిఫనీ కెథీడ్రలు 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడింది. దేవాలయపు స్తంభాలు, మసీదు గుమ్మటాలు, మినారులు, తామరపూలు అన్నీ ఒక సిలువ క్రింద చేరినవి. చార్మినారును రోజూ చూచే మన కండ్లకు అది పరాయి కట్టడముగా తోచదు. కాజీపేట నుండి విజయవాడ పోవు రైలులో దోర్నకల్ జంక్షనున దిగి చూడవచ్చును. మన సంఘ యువకులు విహారయాత్రలకు ఊటీ పోవుటకు ముందు ఒకసారి అక్కడికి పోతే బాగుండును.

దక్షిణ దేశములోని సంఘాలు ఏకము కావలెనని 1919లో తరంగంబాడిలో కూడిన సభ నాటి నుండి ఆయన పాటుపడ్డారు. నేషనల్ క్రిస్టియన్ కౌన్సిలుకు అధ్యక్షులుగా ఏండ్ల తరబడి సేవ చేశారు. ప్రయాణాలు ఎన్ని ఉన్నా తిరిగి పల్లె పర్యటనలకే వచ్చేవారు. 1945 జనవరి 1వ తేదీన జ్వరముతో దోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించారు. కెథీడ్రలు ఆవరణలోనే సమాధి చేశారు. ఆయన కోరిన ఐక్యత, దక్షిణ ఇండియా సంఘము, 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథీడ్రలులో ప్రారంభమైంది. ఆయన దానిని కండ్లారా చూడలేదు. ఆయన చేతిని తల మీద ఉంచి దీవించిన పల్లెవాసుల మనుమలు, మునిమనుమలు ఇప్పుడు కంచన్‌బాగ్ క్వార్టర్లలోను, చుట్టుప్రక్కల కాలనీలలోను ఉన్నారు.