యల్లాప్రగడ సుబ్బారావుగారు

విరుదునగరు గిడ్డంగులలో పప్పు బస్తాల నడుమను, కోవిల్పట్టి ఇండ్ల అటకలపైనను ఎలుకలు తిరుగుట మన పిల్లలందరును ఎరిగినదే. వానకాలమున ఎలుక మూత్రము కలిసిన నీటిలో గాయపడిన పాదములతో నడచినచో జ్వరము సోకవచ్చును. దానిని ఇరుగుపొరుగు తమిళులు ఎలిక్కాయ్చల్ అందురు. మనము ఎలుక జ్వరమందుము. దీనికి వైద్యులిచ్చు డాక్సీసైక్లిన్ అను మందు టెట్రాసైక్లిన్ల కుటుంబములోనిది. ఆ కుటుంబమున మొదటిదగు ఆరియోమైసిన్ వెలువడిన పరిశోధనశాలను నడపినవారు ఒక తెలుగువారు. వారి జీవితమును మేము ఇచ్చట కొంత చెప్పెదము.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు గతించిన పిమ్మట తల్లి వెంకమ్మగారు నగలమ్మి చదివించిరి. మెట్రిక్యులేషనులో బాలుడు రెండుమార్లు తప్పెను. మూడవమారు చెన్నపట్టణపు హిందూ ఉన్నత పాఠశాలనుండి ఉత్తీర్ణుడయ్యెను. పరీక్ష తప్పిన పిల్లలను కసరుకొను తల్లిదండ్రులు ఈ వాక్యమును మరల చదువుదురు గాక!

మద్రాసు వైద్యకళాశాలలో గాంధీగారి పిలుపు విని ఖద్దరు ధరించిరి. శస్త్రచికిత్స నేర్పు ఆచార్యునకు అది గిట్టలేదు. తుదకు ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టమే చేతికి వచ్చెను. ఇంతలో సోదరుడు స్ప్రూ అను ప్రేగుల వ్యాధితో మరణించెను. ఆ దుఃఖము వారిని విడువలేదని మా తలంపు. ఏలనగా 1945లో వారి బృందము కృత్రిమముగా తయారుచేసిన ఫోలిక్ ఆమ్లము ఆ స్ప్రూకే మందయ్యెను.

1920ల ఆరంభమున భార్యను స్వదేశమున విడిచి అమెరికా చేరిరి. మరల రాలేదు, ఆ ఇల్లాలి నిరీక్షణను తలపక వీరిని పొగడుట మాకు న్యాయముగా తోచదు. బోస్టనులో రాత్రులు ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు కడిగి పొట్టపోసికొనుచు, పగలు హార్వర్డులో చదివిరి. రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని ఫిస్కేగారితో కలసి 1925లో ప్రకటించిరి.

1940లో లెడర్లే సంస్థకు వెళ్లి అచ్చట పరిశోధనలకు అధిపతియైరి. వారి ప్రోత్సాహమున డగ్గర్ అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు మిస్సోరి మట్టిలోని సూక్ష్మజీవినుండి బంగారువన్నె ఆరియోమైసినును సాధించెను. అది 1948లో లోకమునకు వెల్లడియయ్యెను. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు 53వ ఏట నిద్రలో కన్నుమూసిరి.

1994లో సూరతు నగరమున ప్లేగు భయము పుట్టినప్పుడు జనులకు పంచినవి టెట్రాసైక్లిన్ మాత్రలే. ప్లేగును ఎలుకల మీది గోమార్లు మనుష్యులకు తెచ్చును. దాని క్రిమి బాక్టీరియా జాతిది గనుక మందునకు లొంగును. అయితే ఎలుకల ఎండిన మలమూత్రముల ధూళితో ఊపిరిలో చేరు హంటా వంటి వైరసులపై ఈ మాత్రలు పనిచేయవు. వానికి ఇంతటి నమ్మకమైన మందు నేటికిని లేదు.